గన్ సేఫ్ అన్నాడు, తొమ్మిదేళ్ల గుంటడు తెరిచేశాడు

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు లైసెన్సు తుపాకి ఉన్నోళ్లు, ముఖ్యంగా ఇంట్లో పిల్లలు తిరిగేవాళ్లు, డిజిటల్ సేఫ్, అంటే నంబరు కొడితే తెరుచుకునే ఇనప్పెట్టె, కొనే ముందు ఇది చదవండి.

మాది ఒడిశాలో కాశీనగర్ దగ్గర పల్లె. అడవిపందుల బాధకి నాన్నగారు తీసుకున్న పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల) తుపాకి, ఆయన పోయాక నా పేరు మీదకి వచ్చింది. ఆయన రోజుల్లో అది పాత పంచెలో చుట్టి అటక మీద ఉండేది. ఎవరూ ముట్టరని ధీమా. ఇప్పుడలా కుదరదు. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అడిగేటప్పుడే భద్రంగా దాస్తామని రాసివ్వాలి. నేనూ సంతకం పెట్టాను. అందుకే ఆషాఢంలో బోర్డరు దాటి, ఆంధ్రాలో ఒక షాపులో ఈ సేఫ్ కొన్నాను. 13,800 రూపాయలు. ఆటో కిరాయి వేరు.

సంక్రాంతికి మా అమ్మాయి, మనవడు వచ్చారు. కనుమ నాడు తిని కునుకు తీస్తుంటే పక్క గదిలో టిక్కు టిక్కుమని చప్పుడు. వెళ్లి చూద్దును కదా, సేఫ్ తలుపు బార్లా తీసి ఉంది. వాడు జంట గొట్టాలు కళ్లకి ఆనించుకుని కిటికీలోంచి చూస్తున్నాడు. "తాతా, బైనాక్యులర్‌లా ఉంది" అన్నాడు. నా కాళ్లలో సత్తువ పోయింది.

నేను పెట్టుకున్న నంబరు నాకు తప్ప ఎవరికీ తెలీదు. వాడు కొట్టింది అది కాదు, సేఫ్‌తో వచ్చిన పుస్తకంలో అచ్చేసిన నంబరు. దాన్ని మాస్టర్ కోడ్ అంటారట. మనం మన కోడ్ పెట్టుకున్నా అది పనిచేస్తూనే ఉంటుంది, విడిగా మార్చుకోవాలి. షాపాయన ఒక్క ముక్క చెప్పలేదు. పుస్తకం చివర్లో చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది.

తుపాకి నేనెప్పుడూ విడదీసే పెడతాను, గొట్టాలు వేరు, కర్ర వేరు. తూటాలు బీరువాలో, దాని తాళంచెవి నా మొలతాడుకి. ఆ రోజు మమ్మల్ని కాచింది ఆ అలవాటే గానీ ఆ డబ్బా కాదు. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. న్యాయమే.

ఆ రాత్రి కూర్చుని డబ్బాని నిదానంగా చూశాను. పైన అరచేత్తో గట్టిగా చరుస్తూ పిడి తిప్పితే, కోడ్ లేకుండానే మూడోసారికి ఊడొచ్చింది. లోపల గడియని ఆపేది స్ప్రింగు మీదుండే చిన్న పిన్నే, అదురుకి అది లేస్తుంది. రేకు బొటనవేలితో నొక్కితే లొత్త పడుతోంది. గోడకి బిగించడానికి రెండే బోల్టులు. ఇంకోటి, మెత్తగా ఉంటుందని లోపల స్పాంజి అతికించారు. వానాకాలం చెమ్మంతా అది పీల్చుకుని, గొట్టాలు ఆనిన చోటల్లా తుప్పు మచ్చలు వేసింది. నాన్నగారి పంచె నయం.

షాపుకి పట్టుకెళ్తే "కోడు మార్చుకోకపోవడం మీ తప్పండీ" అన్నాడు. బిల్లు చూపిస్తే ఇంకా విడ్డూరం. నోటితో గన్ సేఫ్ అని అమ్మి, కాయితం మీద "స్టీలు లాకరు, 1" అని రాశాడు. చదవకుండా జేబులో పెట్టుకున్నది నేనే.

ఇప్పుడు పర్లాకిమిడిలో వెల్డింగు షాపులో 3 మిల్లీమీటర్ల రేకుతో పెట్టె చేయించుకున్నాను. బ్యాటరీ లేదు, మీటలు లేవు, తాళంచెవితో తిప్పే రెండు లీవర్ తాళాలు అంతే. విడదీస్తే గొట్టాలు 30 అంగుళాలే కాబట్టి మూడడుగుల ఎత్తు చాలింది. సిమెంటు స్తంభానికి నాలుగు యాంకర్ బోల్టులు వేయించాను. స్పాంజి బదులు చెక్క మేకులు, చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు. నెలకోసారి నూనె గుడ్డతో తుడుస్తున్నాను. గొట్టాల్లోంచి కేబుల్ తాళం కూడా దూర్చాను. అది అతి అని మా తమ్ముడు నవ్వాడు, నవ్వనీ.

డిజిటల్‌దే కొంటానంటే మీ ఇష్టం. షాపులోనే తలుపు మూయించి, మీ కోడ్ పెట్టించి, ఆ తర్వాత పుస్తకంలో నంబరు కొట్టి చూడండి. పిడి తిప్పుతూ సేఫ్ నెత్తి మీద ఒక్కటి చరిచి కూడా చూడండి. షాపాయన వద్దంటే డబ్బులు తీయకండి. కొంటే మాత్రం బిల్లు మీద "గన్ సేఫ్" అని, మోడల్ నంబరుతో సహా రాయించుకోండి.