బ్రిటన్ సముద్రతీర విడిది ఊళ్లు: పుట్టుక తెలిస్తే గది ఎక్కడ తీసుకోవాలో తెలుస్తుంది

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ తీరపు ఊరు స్కార్‌బరోలో గది బుక్ చేసేటప్పుడు సముద్రం కనిపిస్తుందా అని అడిగేముందు ఆ హోటల్ కొండ మీద ఉందా, కింద ఉందా అని అడగండి. చేపల రేవు, దక్షిణపు బీచ్, పాత ఊరు కింద. రైల్వేస్టేషన్, దుకాణాల వీధి, గెస్ట్‌హౌస్‌లలో చాలావరకు పైన. మధ్యలో నిటారు చరియ. సామానుతోనో, మోకాళ్ల నొప్పులతోనో రోజుకు రెండుసార్లు ఎక్కి దిగడం ఎంత కష్టమో ఫొటోల్లో తెలియదు.

ఆ చరియే ఊరి పుట్టుకకు మూలం. 1626 ప్రాంతంలో దాని అడుగున ఊరుతున్న నీళ్లు చేదుగా ఉండడం, తగిలిన రాళ్లకు తుప్పురంగు పట్టడం మిసెస్ ఫారో అనే ఊరావిడ గమనించింది. 1660లో డాక్టర్ రాబర్ట్ విట్టీ ఆ నీటి గుణాల గురించి రాశాక డబ్బున్నవాళ్లు వైద్యం కోసం రావడం పెరిగింది. ఇంగ్లండ్‌లో పేరున్న మిగతా ఖనిజజలాల ఊళ్లు లోతట్టున ఉండేవి. ఇక్కడ మాత్రం ఊట పక్కనే సముద్రం. ఊటనీళ్లు తాగడం, ఉప్పునీటిలో మునగడం, రెండు చికిత్సలూ ఒకేచోట దొరికాయి. సముద్రతీర విడిది ఊరు అనే సంగతి ఇక్కడే మొదలైందని చెప్పడానికి ఇంతకన్నా బలమైన కారణం అక్కర్లేదు. స్నానానికి వెళ్లేవాళ్లు బట్టలు మార్చుకునే చక్రాల బండి 1735 నాటి ఒక స్కార్‌బరో చిత్రంలోనే కనిపిస్తుంది.

బ్రిటన్‌లో ఇలాంటి ఊళ్లన్నీ పైకి ఒకేలా ఉంటాయి: సముద్రం వెంట నడకదారి (ప్రొమెనేడ్), స్తంభాల మీద నీళ్లలోకి సాగిన వంతెనలాంటి పియర్, వరసగా హోటళ్లు. కానీ ఒకటి రోగుల కోసం పెరిగింది, ఒకటి రాజకుమారుడి వెంట వచ్చిన కులీనుల కోసం, మరొకటి మిల్లు కార్మికుల కోసం. ఎవరి కోసం కట్టారో వాళ్ల అవసరాలే ఇప్పటికీ గది సైజులో, మెట్ల వెడల్పులో, స్టేషన్ నుంచి ఉన్న దూరంలో కనిపిస్తాయి.

స్కార్‌బరోకి 1845లో రైలొచ్చింది. 1867లో కుత్‌బర్ట్ బ్రాడ్రిక్ గీసిన గ్రాండ్ హోటల్ తెరిచారు. అప్పట్లో యూరప్‌లోని అతి పెద్ద హోటళ్లలో అదొకటి. 1875లో చరియ మీద నీటి బరువుతో నడిచే లిఫ్ట్ పెట్టారు. బ్రిటన్‌లో ఆ తరహాలో అది మొదటిది. రైలు దిగినవాళ్లు పైన, బీచ్ కింద ఉన్న ఊరికి అది తప్పనిసరైంది. ఇప్పుడు నమ్ముకోవాల్సింది గ్రాండ్ పక్కనుంచి బీచ్‌కి దిగే 1881 నాటి సెంట్రల్ ట్రామ్‌వేని. చలికాలంలో దాన్ని కొన్ని వారాలు మూసేస్తారు కాబట్టి ఆ నెలల్లో వెళ్లేవాళ్లు ముందే కనుక్కోవాలి. పెద్దవాళ్లతో వెళ్తే దక్షిణపు చరియ పైనున్న ఎస్‌ప్లనేడ్ వైపు గది తీసుకోండి: చదునైన దారి, తోటలు, సద్దు తక్కువ. పిల్లలతో అయితే ఉత్తరపు బీచ్ వైపు మేలు. 1912 నాటి పీజోమ్ పార్కు, 1931 నుంచి నడుస్తున్న బుల్లి రైలు అక్కడే ఉన్నాయి. రెండు బీచ్‌ల మధ్య కోట ఉన్న కొండకొమ్మును చుట్టి వచ్చే మెరీన్ డ్రైవ్ మంచి నడక. తుపాను గాలి ఉన్న రోజుల్లో అలలు గోడ దాటి రోడ్డు మీద పడతాయి, అప్పుడు అటు వెళ్లొద్దు.

తిండి దగ్గర ఒక్క జాగ్రత్త. యార్క్‌షైర్ తీరంలో చేప, చిప్స్ వేయించే దుకాణాల్లో చాలాచోట్ల ఎద్దుకొవ్వు వాడతారు. ఆ రుచికి అక్కడ పేరు. వద్దనుకునేవాళ్లు చిప్స్ కొనే ముందే ఏ నూనె అని అడగాలి. "వెజిటబుల్ ఆయిల్" అని బోర్డు పెట్టిన దుకాణాలూ ఉంటాయి. శాకాహారులు కూడా చిప్సే కదా అని అడక్కుండా తినేస్తుంటారు.

ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రైటన్‌ది వేరే దారి. దగ్గర్లోని లూయిస్ పట్టణంలో వైద్యం చేసే డాక్టర్ రిచర్డ్ రస్సెల్ 1750లో గ్రంథుల జబ్బులకు సముద్రపు నీరు తాగమని, అందులో మునగమని లాటిన్‌లో ఒక గ్రంథం రాశాడు. అది ఇంగ్లీషులోకి రాగానే రోగులు ఎక్కువయ్యారు, 1753లో ఆయన బ్రైటన్‌లోనే ఇల్లు కట్టుకున్నాడు. అప్పటిదాకా అది కుదేలైన చేపలపల్లె. 1783లో వేల్స్ రాకుమారుడు జార్జ్ మొదటిసారి వచ్చాక ఊరి రాత మారింది. ఆయన విడిదిని 1815, 1822 మధ్య వాస్తుశిల్పి జాన్ నాష్ పెవిలియన్ అనే గుమ్మటాల భవనంగా మార్చాడు. 1801లో 7,300 చిల్లర ఉన్న జనాభా 1831కి 40,600 దాటింది. రైలు రావడానికి పదేళ్ల ముందే ఇంత పెరగడం గమనించాలి. అంటే ఈ ఇళ్లు సొంత బండ్లలో వచ్చి నెలల తరబడి ఉండే డబ్బున్నవాళ్ల కోసం కట్టినవి. 1841లో లండన్ నుంచి రైలు వేశారు, సామాన్యులు తెల్లారి వచ్చి సాయంత్రం వెళ్లడం మొదలైంది. జనం మధ్య ఏకాంతం లేక విక్టోరియా రాణి పెవిలియన్‌ను వదులుకుంది, 1850లో ఊరే దాన్ని కొనుక్కుంది.

ఈ చరిత్రలోంచి గది గురించి రెండు విషయాలు తేలతాయి. ఆ పాత ఇళ్లలో రెండు, మూడు అంతస్తుల్లో ఎత్తైన కప్పులు, వంపు కిటికీలు ఉంటాయి, అవి యజమానులవి. అటకల కింది గదులు పనివాళ్లవి, నేలమాళిగ వంటిల్లు. హోటల్‌గా మార్చాక అన్నిటినీ గదులుగానే అమ్ముతున్నారు. ధర మరీ తక్కువగా ఉంటే అది ఏ అంతస్తో అడగండి. రెండోది తేమ. ఇక్కడి పాత గోడలు చాలావరకు బంగరూష్ అనే మిశ్రమంతో కట్టారు: ఇటుక ముక్కలు, చెకుముకి రాళ్లు, గులకరాళ్లు, సున్నం, దొరికిందల్లా కలిపి అచ్చులో పోసేవారు. గారపూత చీలి నీరు లోపలికి దిగితే ఈ గోడ తొందరగా ఆరదు. నేలమాళిగ గదుల్లో ముక్కవాసన వచ్చిందంటే కారణం ఎక్కువసార్లు అదే. వెంటనే గది మార్చమనండి, కిటికీ తెరిచి సర్దుకుపోవద్దు.

మా లెక్కలో బ్రైటన్‌కి ఒక పగలు చాలు. లండన్ విక్టోరియా నుంచి గంట ప్రయాణం. శుక్ర, శనివారాల్లో గదుల రేట్లు బాగా పెరుగుతాయి, కొన్ని చోట్ల రెండు రాత్రులు తప్పనిసరి అంటారు. పెవిలియన్, 1899 నాటి ప్యాలెస్ పియర్, దాని దగ్గర్నుంచి 1883 నుంచీ నడుస్తున్న వోక్స్ ఎలక్ట్రిక్ రైలు, ఈ మూడూ ఒక రోజులో పడతాయి. పియర్ మీదికి రద్దీ రోజుల్లో బయటివాళ్లకు 2024 నుంచి ప్రవేశ రుసుము ఉంది. బీచ్ నిండా గులకరాళ్లే, కాబట్టి నీళ్లలోకి రబ్బరు బూట్లు కావాలి. ఒడ్డు గట్టి వాలు, నాలుగు అడుగులేస్తే లోతు. విరిగే అల వెనక్కి లాగేటప్పుడు కాలి కింద రాళ్లు జారతాయి. ఈత రానివాళ్లు మోకాళ్ల లోతు కూడా తేలిగ్గా తీసుకోవద్దు.

మార్గేట్ గురించి క్లుప్తంగా. లండన్ నుంచి థేమ్స్ మీదుగా సరుకు పడవల్లో, 1815 తర్వాత ఆవిరి పడవల్లో మధ్యతరగతి జనం వచ్చిన ఊరు. స్నానపు బండికి నీటి మీదికి వాలే గుడ్డ గొడుగు తగిలించిన బెంజమిన్ బీల్ ఇక్కడివాడే. దాని చాటున ఎవరి కంటా పడకుండా మునిగేవారు. పేద రోగుల కోసం 1791లో సముద్రస్నానపు ఆసుపత్రి స్థాపించారు. ఇప్పుడు చూడాల్సినవి టర్నర్ కాంటెంపరరీ చిత్రశాల, 1937 నాటి వాల్‌పోల్ బే ఈతకొలను. పోటు వచ్చినప్పుడు ఆ కొలను సముద్రపు నీటితోనే నిండుతుంది. సెయింట్ పాంక్రాస్ నుంచి వేగం రైలులో దాదాపు గంటన్నర.

ఇక వాయవ్య తీరంలోని బ్లాక్‌పూల్. తీరపు ఊరు ఎలా ఎదుగుతుందో అర్థం కావాలంటే దీన్ని మించింది లేదు. 1801లో వందల్లో ఉన్న జనాభా 1901కి 47,000 దాటింది. రైలు 1846లో వచ్చింది, కానీ రైలొక్కటే కారణం కాదు. లంకషైర్ నూలుమిల్లులు ఏడాదికో వారం యంత్రాలు బాగుచేసుకోవడానికి మూసేవారు. ఆ వారం ఊరంతటికీ సెలవు. ఒక్కో ఊరిది ఒక్కో వారం కావడంతో బ్లాక్‌పూల్ గదులు జూన్ నుంచి సెప్టెంబరు దాకా వంతులవారీగా నిండేవి. ఆ సెలవుకు జీతం ఉండేది కాదు. ఏడాది పొడవునా పొదుపు క్లబ్బుల్లో దాచుకున్న డబ్బుతో వచ్చేవారు. బియ్యం, పప్పులు తెచ్చుకుని సత్రంలో వండించుకున్నట్టే, కార్మిక కుటుంబాలు మాంసం, కూరగాయలు కొని ఇస్తే ఇంటావిడ వండిపెట్టి, పడకకూ ఉప్పు, మిరియాల వాడకానికీ డబ్బు తీసుకునేది. అందుకే ప్రొమెనేడ్ వెనక వీధుల్లో ఇరుకు ముఖాల, చిన్న గదుల గెస్ట్‌హౌస్‌లు వందలకొద్దీ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో సముద్రం దగ్గర ఇంత చవకగా గది దొరికే ఊళ్లు తక్కువ, అయితే నాణ్యత పక్కపక్క ఇళ్లలోనే మారిపోతుంది. గత మూడు నెలల్లో రాసిన అభిప్రాయాలే చూడండి, అందులోనూ పరుపు, వేన్నీళ్లు, శబ్దం గురించి రాసినవి. శని, ఆదివారాల్లో పెళ్లికి ముందు విందులకొచ్చే గుంపులు ఎక్కువ. కుటుంబంతో అయితే "కుటుంబాలకు, జంటలకు మాత్రమే" అని రాసిన చోటు వెతకండి, లేదా నార్త్ పియర్ దాటి ఉత్తరం వైపు వెళ్లండి.

ఉత్తరం వైపు ప్రశాంతంగా ఉండడం కూడా పాత సంగతే. 1863 నాటి నార్త్ పియర్ మర్యాదస్తుల షికారు కోసం. 1868లో కట్టిన సెంట్రల్ పియర్ నాట్యాలతో కార్మికులది అయింది. తీరం వెంట ఆ తేడా ఇప్పటికీ పోలేదు. పురపాలక సంఘం కూడా చురుకైనదే. ఊరి ప్రచారానికి పన్ను వేసే అధికారం 1879లోనే చట్టంతో సాధించుకుంది. అదే ఏడాది ప్రొమెనేడ్ మీద 8 విద్యుత్ ఆర్క్ దీపాలు వెలిగించింది. ఈనాటి దీపాల పండుగకు అదే మొదలు. వేసవి అయిపోయాక కూడా గదులు నిండాలన్నదే దాని లెక్క, ఇప్పటికీ సెప్టెంబరు దాటినా జనం ఉంటారు. దీపాలు చూడడానికి కారులో వెళ్లొద్దు, వారాంతపు రాత్రుల్లో గంటల తరబడి ఇరుక్కుంటారు. ట్రామ్ ఎక్కండి. 1885లో మొదలైన ఈ ట్రామ్ బ్రిటన్ వీధుల్లో విద్యుత్తుతో నడిచిన మొదటిది. దక్షిణాన స్టార్ గేట్ నుంచి ఉత్తరాన ఫ్లీట్‌వుడ్ దాకా 18 కిలోమీటర్లు పోతుంది. 2024 నుంచి బ్లాక్‌పూల్ నార్త్ రైల్వేస్టేషన్ దగ్గర్నుంచే దొరుకుతోంది. బీచ్ పక్కనే ఉండిన సెంట్రల్ స్టేషన్‌ను 1964లో మూసేసినప్పట్నుంచి ఉన్న లోటు దీంతో కొంత తీరింది.

158 మీటర్ల టవర్ 1894లో తెరిచారు, పారిస్‌లోని ఈఫిల్‌ను చూసి కట్టిందే. గాలి ఎక్కువైతే పైకి లిఫ్ట్ ఆపేస్తారు. టికెట్టు ముందే కొనేటప్పుడు తేదీ మార్చుకునే వీలుందో లేదో చూసుకోండి. పైకి వెళ్లకపోయినా అడుగున ఉన్న బాల్‌రూమ్ తప్పక చూడాలి. 1899లో వాస్తుశిల్పి ఫ్రాంక్ మాచమ్ దాన్ని మలిచిన తీరు, వర్లిట్జర్ ఆర్గన్ మీద వాయిస్తుంటే ముసలి జంటలు అడుగులేయడం, ఈ ఊరు దేనికోసం ఉందో అక్కడ తెలిసిపోతుంది. వాన ఎక్కువ పడే తీరంలో పైకప్పు ఉన్న వినోదమే వ్యాపారాన్ని నిలబెడుతుంది. 1878 నాటి వింటర్ గార్డెన్స్ కూడా ఆ ఆలోచనే.

నివాసం విషయంలో మా ఓటు మాత్రం ఉత్తర వేల్స్‌లోని ల్లాండుడ్నోకే. ఇది తనంతట తాను పెరిగిన ఊరు కాదు. మోస్టిన్ కుటుంబం తమ భూమిని 1849 నుంచి ప్లాన్ ప్రకారం ప్లాట్లు వేసి లీజుకిచ్చింది. వీధి వెడల్పులూ ఇళ్ల ఎత్తులూ షరతులతో బిగించింది. ఫలితంగా అర్ధచంద్రాకారపు తీరం వెంట హోటళ్లన్నీ ఒకే ఎత్తులో నిలిచాయి, ముందు విశాలమైన చదును నడకదారి. చక్రాల కుర్చీ, పిల్లల బండి ఇబ్బంది లేకుండా వెళ్తాయి. సముద్రం వైపు గది నిజంగా సముద్రం వైపే ఉంటుంది. వేరేచోట్ల "సైడ్ సీ వ్యూ" అంటే కిటికీలోంచి మెడ తిప్పితే కనిపించేది. గ్రేట్ ఓర్మ్ కొండ మీదికి 1902లో మొదలైన తాడుతో లాగే ట్రామ్ మధ్యలో బండి మారుస్తుంది, చలికాలంలో నడవదు.

ఏ ఊళ్లోనైనా బుక్ చేసేముందు అడగాల్సినవి: ఏ అంతస్తు, లిఫ్ట్ ఉందా, కిటికీకి జంట అద్దమేనా, స్నానాలగది గదిలోనేనా, కారు ఎక్కడ పెట్టాలి. గెస్ట్‌హౌస్‌లు ఎక్కువగా మధ్యాహ్నం 3 తర్వాత గది ఇస్తాయి, ఉదయం 10, 10:30కి ఖాళీ చేయాలి. ఇంటివాళ్లే నడిపే చోట్ల చెప్పిన వేళ దాటి చేరితే తలుపు తీసేవాళ్లు ఉండరు, రైలు ఆలస్యమైతే ఫోన్ చేయండి. శాకాహార అల్పాహారం కావాలంటే ముందురోజే చెప్పాలి.

నీళ్లలో దిగేవాళ్లకు: ఎరుపు, పసుపు జెండాల మధ్యే ఈత. నలుపు, తెలుపు గళ్ల జెండా సర్ఫ్ బోర్డులవాళ్లకు. ఎర్రజెండా ఉంటే దిగకూడదు. నారింజ రంగు గాలిసంచి కనిపిస్తే గాలితో నింపే పడవలు, పరుపులు వాడొద్దు, గాలి వాటిని సముద్రంలోకి తోసేస్తుంది. బ్లాక్‌పూల్‌లో పెద్ద పోటు, పాటుల మధ్య తేడా 8 మీటర్లు దాటుతుంది. పాటున కనుచూపు మేర ఇసుక, పోటున గోడ దాకా నీళ్లు. ఆ రోజు పోటు వేళ చూసుకోకుండా పిల్లల్ని ఇసుకలో దూరం పంపొద్దు. ఎవరైనా చిక్కుకుంటే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ అని అడగాలి. స్కార్‌బరో వైపు సముద్రం నడివేసవిలోనూ చల్లన, ఒక్కసారిగా దూకితే ఊపిరి బిగుసుకుపోతుంది. నెమ్మదిగా దిగండి.

ఐదూ ఒకే ప్రయాణంలో పెట్టుకోకండి. లండన్‌లో ఉండేవాళ్లు బ్రైటన్, మార్గేట్‌లకు పగటిపూట వెళ్లొచ్చు. స్కార్‌బరోకి యార్క్ మీదుగా, బ్లాక్‌పూల్‌కి ప్రెస్టన్ మీదుగా, ల్లాండుడ్నోకి ల్లాండుడ్నో జంక్షన్‌లో మారి వెళ్లాలి. ఈ మూడింటికీ రాత్రి బస కావాలి. ఇద్దరు కలిసి తిరిగితే టూ టుగెదర్ రైల్‌కార్డు మూడో వంతు తగ్గిస్తుంది, పనిరోజుల్లో ఉదయం 9:30కి ముందు మాత్రం చెల్లదు. ఆదివారాలు పట్టాల మరమ్మతులుంటే రైలుకు బదులు బస్సు వేస్తారు, ప్రయాణం బాగా సాగుతుంది. తిరుగు ప్రయాణం శనివారమో సోమవారమో పెట్టుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.