ఏసీ1200 రౌటర్ ఏళ్ల తరబడి వాడాక: సిగ్నల్ ఫుల్లు, నెట్ మాత్రం రాదు, ఎందుకంటే...

అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లు రౌటర్ కొనేముందు ఇది ఒకసారి చదవండి. నెట్ స్లో అనగానే చాలామంది చేసే మొదటి పని ప్లాన్ పెంచడం, వంద ఎంబీపీఎస్ ఉన్నవాళ్లు మూడొందలకి వెళ్తారు, నెలనెలా ఎక్కువ కడతారు, అయినా వంటింట్లో నిలబడి వీడియో కాల్ చేస్తే మొహం అలాగే ఆగిపోతుంది. లోపం బయట నుంచి వచ్చే లైన్లో కాదు, ఇంట్లో గాలిలో ఉంది. మాది నిజాంపేట్, మూడో అంతస్తు, పైన కింద పక్కన అందరికీ వైఫై ఉంది. నేను వాడేది ఏసీ1200 రకం డ్యూయల్ బ్యాండ్ రౌటర్, ఏసీ అంటే వైఫైలో ఒక తరం పేరు, డ్యూయల్ బ్యాండ్ అంటే 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రేడియో పట్టీల మీద పనిచేసేది. కంపెనీ పేరు రాయట్లేదు, ఈ రేంజ్‌లో దొరికేవన్నీ దాదాపు ఇలాగే పనిచేస్తాయి.

ముందు ఆ 1200 సంగతి. 2.4 గిగాహెర్ట్జ్‌లో 300 ఎంబీపీఎస్, 5 గిగాహెర్ట్జ్‌లో 867, రెండూ కలిపి కాస్త పైకి రౌండ్ చేసి 1200 అని అట్ట మీద వేస్తారు. ఒక ఫోన్ ఒకసారికి ఒక బ్యాండ్ మీదే ఉంటుంది కాబట్టి 1200 ఎవరికీ రాదు. ఇంకోటి, ఏసీ అనే స్టాండర్డ్ 5 గిగాహెర్ట్జ్‌కి మాత్రమే, 2.4 వైపు నడిచేది 2009లో వచ్చిన ఎన్ స్టాండర్డే. అంటే కొత్త రౌటర్ కొని ఫోన్‌ని 2.4 మీదే వదిలేస్తే పాతది వాడినట్టే, ఇది షాపువాళ్లు చెప్పరు.

ఇప్పుడు అసలు విషయం, మైక్రోవేవ్ ఓవెన్. మా హాలుకీ వంటింటికీ మధ్య ఒక్క గోడే, రౌటర్ టీవీ యూనిట్ మీద, ఓవెన్ ఆ గోడకి అవతలి గట్టు మీద. రాత్రి భోజనాల టైంకి నెట్ పడిపోతోందని కంప్లైంట్ పెడితే టెక్నీషియన్ వచ్చి ఫైబర్ బాక్స్‌కి కేబుల్ పెట్టి స్పీడ్ టెస్ట్ చేసి, సార్ లైన్ బాగుంది అని చూపించి వెళ్లేవాడు, అతను చూపించింది నిజమే కూడా. ఒకరోజు ఫోన్‌లో రౌటర్‌కే పింగ్ పెట్టి, అంటే చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే పరీక్ష, ఓవెన్ పక్కన గట్టు మీద ఉంచా. నాలుగు మిల్లీసెకన్లు, ఐదు, మూడు, అలా హాయిగా వెళ్తోంది. అమ్మ సాంబారు గిన్నె లోపల పెట్టి బటన్ నొక్కింది. వెంటనే రెండొందలు, తొమ్మిదొందలు, తర్వాత టైమ్ అవుట్, టైమ్ అవుట్, మళ్లీ ఒకటి వచ్చింది, మళ్లీ టైమ్ అవుట్. ఆ టైమంతా పైన వైఫై గుర్తు మాత్రం నిండుగానే ఉంది. టింగ్ మని ఓవెన్ ఆగింది, మళ్లీ నాలుగు, మూడు, ఐదు. అమ్మ చూసి "ఏంట్రా, ఇంక నేను కూర వేడి చేసుకోకూడదా" అంది, "చేసుకోమ్మా, మార్చాల్సింది వైఫైనే" అన్నా.

ఎందుకు ఇలా అంటే, ఓవెన్‌లో వేడి చేసే తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్ అనే భాగం పనిచేసేది దాదాపు 2450 మెగాహెర్ట్జ్ దగ్గర, మన 2.4 వైఫై ఉండేది 2400 నుంచి 2483.5 మధ్య, అంటే సరిగ్గా నడిమధ్యన. లోపల ఏడెనిమిది వందల వాట్లు తిరుగుతుంటాయి, తలుపు సందుల్లోంచి కొంచెం బయటికి వస్తుంది. భయపడాల్సింది కాదు, 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటర్‌కి 5 మిల్లీవాట్లు దాటకూడదని భద్రతా పరిమితి ఉంది, మంచి ఓవెన్లలో అంతకంటే చాలా తక్కువే ఉంటుంది. కానీ ఆ కొంచెమే వైఫైకి కొండంత. ఫోన్ దగ్గరికి చేరేసరికి రౌటర్ సిగ్నల్ మైనస్ 60 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క) ఉందనుకోండి, అది బాగా ఉన్నట్టే లెక్క, కానీ నిజంగా దాని బలం ఒక మిల్లీవాట్‌లో పది లక్షల వంతు. పక్కనే ఓవెన్ అరుస్తుంటే అది ఎలా వినిపిస్తుంది. పైగా వైఫై మాట్లాడేముందు గాలి ఖాళీగా ఉందా అని విని, లేకపోతే ఆగుతుంది. సిగ్నల్ గీతలు రౌటర్ ఎంత గట్టిగా వినిపిస్తోందో చెప్తాయి, చుట్టూ గోల ఎంత ఉందో చెప్పవు, అందుకే ఫుల్లుగా కనిపిస్తూ నెట్ రాదు. మరి మధ్యమధ్యలో ఒకటి రెండు ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, ఎలా దాటాయంటే, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మామూలు ఓవెన్లలో మాగ్నెట్రాన్ కరెంటు సైకిల్‌లో సగం మాత్రమే వెలుగుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ప్రతి 20 మిల్లీసెకన్లలో సుమారు 10 గోల, 10 నిశ్శబ్దం. ఆ సందులో దూరినవి దూరతాయి.

అదే చోట ఫోన్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చి మళ్లీ ఓవెన్ ఆన్ చేస్తే అంకెలు కదల్లేదు. ఈ రౌటర్‌కి పెట్టిన డబ్బులు ఆ ఒక్కదానికే వసూలయ్యాయి నాకు. మన దేశంలో 2018 అక్టోబర్‌లో 5 గిగాహెర్ట్జ్‌లో మొత్తం 605 మెగాహెర్ట్జ్ లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చని ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది, 2.4లో ఉన్నది 83.5 మాత్రమే, తేడా మీకే తెలుస్తుంది.

కానీ ఒక చిక్కు ఉంది. ఈ రౌటర్‌లో రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టి, ఏది బాగుంటే దానికి అదే కలుపుతుంది అనే ఆప్షన్ ఒకటి ఆన్ చేసి వస్తుంది. మా ఇంట్లో అది సరిగ్గా పని చేయలేదు, బెడ్‌రూమ్‌కి వెళ్లిన ఫోన్ 2.4కి దిగిపోయి హాల్లోకి వచ్చినా అక్కడే కూర్చునేది. అది ఆఫ్ చేసి రెండు పేర్లు విడదీసి, ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీ అన్నిట్లో 2.4 పేరు ఫర్గెట్ కొట్టేశా. అప్పటి నుంచి ప్రశాంతం. 2.4 మీద స్మార్ట్ ప్లగ్గులు, గుమ్మం దగ్గర కెమెరా మాత్రమే ఉన్నాయి, వాటికి 5 రాదు కాబట్టి.

2.4 వైపు ఛానెల్, అంటే ఆ బ్యాండ్‌లో రౌటర్ వాడుకునే చిన్న భాగం, ఆటో వదిలేయకండి దయచేసి. ఈ రౌటర్ ఆన్ అయినప్పుడు ఒకసారి చూసి ఏదో ఒకటి పట్టుకుంటుంది, ఇంక మారదు, అది కూడా 3, 8 లాంటివి పట్టుకుంటుంది. ఛానెళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో ఛానెల్ తీసుకునేది 20, అందుకే ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 అంతే. 3 మీద కూర్చుంటే 1 వాళ్లకీ 6 వాళ్లకీ ఇద్దరికీ అడ్డం. వైఫై ఎనలైజర్ యాప్ వేసి చూస్తే మా బిల్డింగ్‌లో 6 మీద గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. నేను 1 పెట్టా, మా ఓవెన్ గోల కూడా ఆ ఛానెల్ ఉండే 2412 మెగాహెర్ట్జ్ దగ్గర తక్కువగా ఉంది, 11 మీద ఘోరం. ఛానెల్ వెడల్పు (విడ్త్) కూడా 40 మెగాహెర్ట్జ్ తీసేసి 20 పెట్టండి, 40 పెడితే సగం బ్యాండ్ మీరొక్కరే కబ్జా చేసినట్టు, పక్కవాళ్ల గోల కూడా అంత ఎక్కువ నెత్తిన పడుతుంది.

చాలామందికి తెలియని ఇంకో శత్రువు యూఎస్‌బీ 3, అదే నీలం రంగు పోర్టు. దాని డేటా వేగానికి పుట్టే రేడియో నాయిస్ 2.4 నుంచి 2.5 గిగాహెర్ట్జ్ మధ్య కూడా పడుతుంది, 2012లోనే ఇంటెల్ దీని మీద పేపర్ వేసింది. మా ఆవిడ ఆఫీస్ ల్యాప్‌టాప్‌కి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టి కాపీ మొదలెట్టగానే పక్క పోర్టులో డాంగిల్ (సిగ్నల్ అందుకునే చిన్న ముక్క) ఉన్న వైర్‌లెస్ మౌస్ కుంటుకుంటూ నడిచేది, అప్పట్లో 2.4 మీద ఉన్న వైఫై కూడా నీరసపడేది. డాంగిల్‌ని చిన్న ఎక్స్‌టెన్షన్ వైర్‌తో అడుగు దూరం జరిపితే మౌస్ బాగైపోయింది. రౌటర్ వెనకే హార్డ్ డిస్క్ తగిలించేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. బ్లూటూత్ అంత పాపం చేయదు, 2003లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచీ అది వైఫై ఉన్న చోటు తప్పించుకుని దూకడం నేర్చుకుంది.

మిక్సీ, ఫ్యాన్ రెగ్యులేటర్, చోక్ లైట్ వల్ల వైఫై పోతోందని అనేవాళ్లున్నారు. వాటి గోల ఎక్కువగా కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది, ఏఎం రేడియోలో గర్రుమంటుంది, ఫోన్ తీగ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్‌ని కూడా దెబ్బకొడుతుంది. వేల్స్‌లో అబెర్‌హోసన్ అనే ఊళ్లో ఒక పాత టీవీ రోజూ పొద్దున ఏడింటికి ఆన్ అవగానే ఊరందరి నెట్ పోయేది, కారణం దొరకడానికి ఏడాదిన్నర పట్టింది, 2020లో బయటపడింది. మనకి ఇప్పుడు ఫైబర్, అందులో వెళ్లేది వెలుగు కాబట్టి ఆ బాధ లేదు.

ఈ రౌటర్‌లో నచ్చనిది ఇంకోటి ఉంది, 5 గిగాహెర్ట్జ్ రెండు గోడలు దాటేసరికి అలిసిపోతుంది. మా వెనక బెడ్‌రూమ్‌కి మధ్యలో ఇనుప బీరువా కూడా ఉంది, అక్కడ వీడియో కాల్ కష్టం. రౌటర్‌ని టీవీ వెనక నుంచి తీసి హాలు గోడకి తలెత్తు ఎత్తులో బిగిస్తే కొంత మెరుగైంది, మిగతాదానికి గుమ్మం పైనుంచి ఒక క్యాట్ 6 నెట్‌వర్క్ వైరు లాగి అక్కడ పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే ఆ వైరులో వచ్చే నెట్‌ని అక్కడ వైఫైగా పంచేలా పెట్టా, 5 గిగాహెర్ట్జ్ ఉన్నదే. వైరు కనిపిస్తోందని ఇంట్లో అన్నారు, కాల్స్ ఆగట్లేదు కాబట్టి ఇప్పుడు ఎవరూ అనట్లేదు.

వైఫై 6 కొనాలా అని అడుగుతారు. మీ ఫోన్లు దానికి సపోర్ట్ చేస్తే, ఇంట్లో వాడేవాళ్లు ఎక్కువుంటే కొనండి. ఓవెన్ గురించి మాత్రం అయితే అక్కర్లేదు, వైఫై 6 కూడా 2.4 మీద ఉంటే ఓవెన్ దాన్నీ వదలదు. ముందు ఫోన్‌లో మీరు ఏ బ్యాండ్ మీద ఉన్నారో చూసుకుని, ఓవెన్‌లో గ్లాసుడు నీళ్లు పెట్టి ఆన్ చేసి రౌటర్‌కి పింగ్ కొట్టండి, ఆ తర్వాతే ప్లాన్ సంగతి.