విశాఖలో నాలుగు రోజులు, ఒక చందువ చేప

చేప సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. మా ఆయన చూస్తే "ఇంకా ఆ చేప గోలేనా" అంటాడు. అనుకోనీ. బిల్లు చేతికి తీసుకుని చదివింది నేను.

మాది ప్రొద్దుటూరు. మాకు పెద్ద ఊరంటే తిరుపతి, మహా అయితే బెంగుళూరులో పెళ్ళికి పోయి మండపం చూసి తిరిగి రావడం. ఊరు చూడాలని బయల్దేరింది ఇదే మొదలు. మా అత్తకు సింహాచలం మొక్కు. అయిదో తరగతి చదివే మా వానికి సబ్‌మెరైన్ చూడాలని. మా ఆయనకేమో కార్తీకం నెల పొడుగునా ముక్క ముట్టలేదు గనక సముద్రం ఒడ్డున కూచుని చేప తినాలని. నాకేం కావాలో ఎవరూ అడగలేదు. మొన్న నవంబరులో, పోలి స్వర్గం పోయిన మర్నాడు, శనివారం కడపలో తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆదివారం పొద్దున విశాఖలో దిగినాం. రైల్లో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు.

స్టేషన్ బయటికి రాకముందే ఒకాయన మా అత్త చేతిలోని సంచి అందుకున్నాడు. కాంప్లెక్స్ దగ్గర లాడ్జికి పోవాలన్నాం. ఆర్టీసీ బస్టాండును ఇక్కడ అందరూ కాంప్లెక్స్ అంటారు, ద్వారకా బస్ స్టేషన్ అనేది బోర్డు మీద పేరు. "చాలా దూరమండి, మూడొందలు ఇచ్చీండి" అన్నాడు. మా ఆయన రెండొందలకు దించి, ఏదో గెలిచినట్టు ముందుకూచున్నాడు. ఆటో ఎక్కి మా అత్త కొంగు సర్దుకుని, పిల్లోడు కిటికీ వైపు నాకంటే నాకని నాతో తగువు పెట్టుకునే లోపల లాడ్జి వచ్చింది. రెండు కిలోమీటర్లు ఉంటుందేమో. అదే దారిలో సర్వీస్ ఆటోల వాళ్ళు తలకు ఇరవై తీసుకుంటారని మూడో రోజుకు గానీ మాకు తెలియలేదు. కొత్తగా వచ్చేవాళ్ళకు నా మాట ఒకటే: సంచి ఎవరి చేతికీ ఇవ్వొద్దు. సంచి వాని చేతికి పోయినాక ఇంక బేరం లేదు.

లాడ్జి పర్వాలేదు. రోజుకు రూ.1,600, అదనపు పరుపుకు రూ.300. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేణ్ణీళ్ళు మాత్రం పొద్దున తొమ్మిది దాకానే.

ఇంక చేప. ఆ హోటలు పేరు చెప్పను. సముద్రం కనపడే చోట ఉంది, లోపల ఏసీ, గోడకు ఒక వల వేలాడదీసినారు. మెనూలో అన్నిటికీ ధర ఉంది, "తెల్ల చందువ వేపుడు" ఎదురుగా మాత్రం "సైజును బట్టి" అని ఉంది. బేరర్ స్టీలు పళ్ళెంలో పచ్చి చేపను తెచ్చి చూపించినాడు. "పొద్దున పడిన చేప సార్, తెల్ల చందువ." మా ఆయన ఫోన్ తీసి, పళ్ళెం తన వైపుకు తిప్పించుకుని మరీ ఫొటో కొట్టి, ఇంటోళ్ళ గ్రూపులో పెట్టేసినాడు. ఎంత అని నేనడిగినా. "సైజును బట్టి మేడమ్" అన్నాడు. ఆ సైజు నీ చేతిలోనే ఉంది కదయ్యా, తూకం వేసి చెప్పు అని నోటి దాకా వచ్చింది. చుట్టూ కూచున్న వాళ్ళ బట్టలు చూసి మింగేసినా. ఆ మింగినదాని ఖరీదు రూ.1,150.

మిగతాది కూడా చెప్తాను. కోనాం పులుసు రూ.340, రొయ్యల వేపుడు రూ.390, అన్నం మూడు ప్లేట్లు రూ.270, అడగకుండానే మూత తీసి పెట్టిన నీళ్ళ సీసాలు రెండు రూ.80. అక్కడికి రూ.2,230. దాని మీద సర్వీస్ ఛార్జీ పది శాతం, రూ.223. ఆ రెండూ కలిపిన దాని మీద జీఎస్టీ. మొత్తం రూ.2,576. అబద్ధం చెప్పకూడదు, పులుసు బాగుంది. వంజరం అని మనం వినే చేపను ఇక్కడ కోనాం అంటారు, ముక్క గట్టిగా ఉండి పులుసులో విరగలేదు. చందువకు మాత్రం పైన ఎర్ర రంగు మసాలా తప్ప రుచేమీ నాకు తగల్లేదు.

సర్వీస్ ఛార్జీ దగ్గర నేను ఆగలేకపోయినా. అది ఇవ్వడం తినేవాళ్ళ ఇష్టం, బిల్లులో వాళ్ళంతట వాళ్ళు కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. నేను బడిలో పంతులమ్మను. డిసెంబరు 24న వినియోగదారుల దినం అని పిల్లల చేత ప్రసంగాలు చెప్పించేది నేనే. వాళ్ళ చేత బట్టీ పట్టించిన వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు నాకు గుర్తు రాకుండా ఉంటుందా? "1915కు ఫోన్ చేయమంటారా" అని అడిగినా. మేనేజరు ఏమీ మాట్లాడకుండా బిల్లు మళ్ళీ కొట్టి ఇచ్చినాడు. రూ.2,342. చేప ధర గురించి మాత్రం నా దగ్గర ఏ చట్టమూ లేదు.

బయటికి వచ్చినాక మా ఆయన సాయంత్రం దాకా మాట్లాడలేదు. డబ్బు పోయినందుకు కాదు, నలుగురిలో నేను గొంతు పెంచినందుకు. మా అత్త వెనక నుంచి మెల్లగా, "రెండువేల మూడొందలకు మనూర్లో మూడు కేజీల పొట్టేలు కూర వచ్చేది గదరా నాయనా" అన్నది. ఆ సాయంత్రం ఆర్కే బీచ్‌లో ఇసకలో నలుగురం నాలుగు దిక్కులకు కూచున్నాం. అక్కడ అలలు లోపలికి లాగుతాయి. మునిగేవాళ్ళను ఎవరూ ఆపడం లేదని మనం కూడా దిగకూడదు, పాదాలు తడుపుకుంటే చాలు.

సోమవారం పొద్దున సబ్‌మెరైన్ అని మా వాడు నాలుగు గంటలకే లేచి కూచున్నాడు. తీరా పోతే గేటుకు తాళం. ఆ సబ్‌మెరైన్ పేరు కురుసుర, ఆ మ్యూజియంకు సోమవారం సెలవు. జూ చూద్దామా అంటే జూకు కూడా సోమవారమే సెలవంట. రెండు రోజులకని వచ్చేవాళ్ళు ఆ రెండింట్లో ఒకటి సోమవారం కాకుండా చూసుకోండి. వాని ఏడుపు మధ్య మా అత్త, "దేవుడు పిలుస్తాంటే మీరు ఓడల చుట్టూ తిరుగుతారు, నడవండి కొండకు" అన్నది.

బస్సు మంచితనం మాకు తెలిసింది అప్పుడే. 28 నంబరు సింహాచలం పోతుందని టీ కొట్టాయన చెప్పినాడు. 28 కనపడగానే ఎక్కేసినాం. పక్కనున్న అక్షరం చూడలేదు. అది 28కె. కండక్టరమ్మ మా ఆధార్ కార్డులు చూసి, ఎక్కడికని అడిగి, నవ్వింది. "ఇది కొత్తవలస బండమ్మా. బెంగెట్టుకోకండి, గోపాలపట్నంలో దిగీండి, అక్కడ్నించి సింహాచలానికి బోల్డున్నాయి." అని ఊరుకోలేదు. గోపాలపట్నం వచ్చినాక డ్రైవరును ఒక నిమిషం ఆపమని, మా అత్త చేయి పట్టుకుని దించి, ఏ పక్కన నిలబడాలో చూపించి ఎక్కింది. బస్సులో ఉన్నవాళ్ళెవరూ విసుక్కోలేదు.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు సిటీ బస్సుల్లో ఉచితం కదా, మా ఊర్లో మాకు పెద్దగా పని పడలేదు. ఇక్కడ బస్సు ఎక్కినప్పుడల్లా నేనూ మా అత్తా పైసా లేకుండా తిరిగినాం. టిక్కెట్టు అయితే కొడతారు, దాని మీద సున్నా ఉంటుంది. మా అత్త ఆ సున్నా టిక్కెట్లన్నీ మడిచి తమలపాకుల సంచిలో దాచింది. పిల్లోనికి అర టిక్కెట్టు, పూర్తి టిక్కెట్టు మా ఆయనకొక్కనికే. "నీ ఒక్కని వల్లే ఖర్చు" అని వాళ్ళమ్మ అనడం, ఆయన ఆటో ఆటో అని గొణగడం, ఈ లోపల బస్సు రావడం. ఇదే వరస. కైలాసగిరికి 10కె, భీమిలికి 900కె. కాంప్లెక్స్‌లో నిలబడితే అన్నీ దొరుకుతాయి.

సింహాచలంలో స్వామి ఏడాది పొడుగునా చందనం పూతలోనే ఉంటాడు, నిజరూపం చూడాలంటే అక్షయ తృతీయ నాడు రావాలి. రద్దీ తక్కువ, దర్శనం తొందరగానే అయింది. మా అత్త కప్పస్తంభాన్ని కౌగిలించుకుని ఎంతసేపటికీ వదల్లేదు. ఏం మొక్కిందో చెప్పలేదు. కిందికి వచ్చేటప్పుడు ఆమె తలలో సంపెంగలు, మా వాని చేతిలో పులిహోర ప్రసాదం. ఒక్కపొద్దు మనిషి, ఆ రోజు ఆమె తిన్నది ఆ పులిహోరే.

మంగళవారం తెల్లారకముందే ఫిషింగ్ హార్బరుకు పోదామన్నది నేను. చేప ధర నాలో ఇంకా గుచ్చుకుంటానే ఉంది. ఈసారి ఆటో ఫోన్‌లో బుక్ చేసుకున్నాం, రూ.110 చూపించింది, రూ.110 ఇచ్చినాం. హార్బరులో ఐసు పగలగొట్టే చప్పుడు, కాళ్ళ కింద చేపల నీళ్ళు, పడవల మీద నుంచి కిందికి బుట్టలు. నేల మీద పట్టాలు పరిచి కుప్పలు పోస్తారు, కుప్పకు ఇంత అని పాట నడుస్తుంది. పాడేదీ, కొనేదీ, డబ్బు లెక్కపెట్టేదీ ఎక్కువ ఆడవాళ్ళే. మా అత్త ముక్కు మీద కొంగు పెట్టుకునే, కళ్ళు మాత్రం తిప్పలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇక్కడ మరబోట్లకు వేట నిషేధం, ఆ రెండు నెలల్లో వచ్చి ఎవరైనా "పొద్దున పడిన చేప" అంటే నమ్మేముందు ఆలోచించుకోవాల.

ఒక పెద్దామె దగ్గర చందువలు ఉన్నాయి. అరచేతి కంటే కొంచెం పెద్దవి, వెండి రేకులాగా. ధర అడిగినా. "కొంటావేటి తల్లీ, ఊరికే అడగతన్నావా?" ఊరికేనమ్మా అని ఉన్నదున్నట్టు చెప్పి, మా ఆయన ఫోన్ లాక్కుని ఫొటో చూపించినా. ఆమె చేయి తడి తుడుచుకుని, ఫోన్ దగ్గరికి జరుపుకుని చూసింది. పక్కామెను కూడా పిలిచింది. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టినారు.

"ఇది తెల్ల చందువని ఎవుడు సెప్పినాడమ్మా? నల్ల చందువ ఇది. ఒళ్ళు సూడు ఎంత నలుపో. ఇదిగో, తోక మొదట్లో గరుకు సూసినావా, ఇలా రంపంలాగ? తెల్లదానికి ఇదుండదు."

రెంటికీ ధరలో చాలా తేడా ఉందని, నల్లది చవకని కూడా ఆమే చెప్పింది. ఆ ఫొటోలోది ఎంత తూగుతుందని అడిగితే "అరకేజీ ఉంటే గొప్ప" అన్నది. నేను మా ఆయన ముఖం చూసినా. ఆయన పడవలు చూస్తున్నాడు.

ఎక్కడ తినమంటావమ్మా అని ఆమెనే అడిగినా. పూర్ణా మార్కెట్ వైపు ఒక మెస్సు గుర్తులు చెప్పింది. బోర్డు కూడా సరిగ్గా లేదు, ఆరు బల్లలు. గోడ మీద బలపంతో రాసి ఉంది: చేపల పులుసు భోజనం రూ.150. మధ్యాహ్నం పన్నెండున్నరకు పోతే రెండు విడతలు ఆగాల్సి వచ్చింది. ఆకు వేసి పప్పు, ఒక వేపుడు, చారు, పెరుగు, గిన్నెలో పులుసు, రెండు ముక్కలు. పులుసు ఎర్రగా కాదు, గోధుమ రంగులో చిక్కగా ఉంది, చింతపండు కాస్త ముందుకొచ్చి. పొద్దున చేసి కుదురుకోనిచ్చిన పులుసని మొదటి ముద్దకే తెలిసింది. మాకు కారం చాలదు, మా కడప నాలుకకు ఎక్కడా చాలదు, అడిగితే పచ్చిమిరపకాయలు రెండు తెచ్చి పెట్టినారు. పులుసు మళ్ళీ పోయమంటే పోసినారు, లెక్క రాయలేదు. మూడు భోజనాలు, మా వానికి సగం, మొత్తం రూ.525. మా అత్త ఆకు మడిచే ముందు వంటావిడను పిలిపించి, మెంతులు ఎంత వేస్తావమ్మా అని అడిగింది. మా ఇంట్లో కోడలి వంటను అట్లా ఒక్కనాడూ అడగలేదు.

సబ్‌మెరైన్ ఆ సాయంత్రమే చూసినాం. సోవియట్ దేశంలో తయారైంది, 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరింది, 2001లో రిటైర్ అయినాక 2002 నుంచి ఇసకలో ఇట్లా మ్యూజియంగా ఉంది. 91 మీటర్ల పొడుగు. లోపల గుండ్రటి ద్వారాల్లో వంగి దాటుతా పోవాల. నౌకాదళంలో పనిచేసి వచ్చినాయన ఒకరు, డెబ్బై మందికి పైగా నెలల తరబడి ఇందులోనే ఉండేవాళ్ళని చెప్పినాడు. అల్మారా అరలాంటి పడకలు చూసి మా అత్త "ఇందులో ఎట్ల పొర్లుతార్రా నాయనా" అన్నది. మా వాడు రెండోసారి కూడా పోతానన్నాడు, మళ్ళీ టిక్కెట్టు కొనియ్యలేదు.

బయట మురీ మిక్చర్ బండి. వెదురు స్టాండు మీద బుట్ట, ఒక పొడుగాటి స్టీలు గ్లాసు. అందులో మరమరాలు, వేయించిన పల్లీలు, సన్నగా తరిగిన ఉల్లి, టమాటా, కొత్తిమీర, కారం, ఉప్పు వేసి, అరచెక్క నిమ్మ పిండి, చెంచాతో గ్లాసు అంచుకు కొడతా టకటకా కలిపి, కాగితం పొట్లంలో పోస్తాడు. పొట్లం ముప్పై. "బొరుగులకు ముప్పై రూపాయలా! ఇంట్లో ముప్పైకి కుంచెడు వస్తాయి" అని మా అత్త మొదట ముట్టలేదు. మా వాని పొట్లంలో రెండు పలుకులు నోట్లో వేసుకుంది. తర్వాత వాడు ఇంకో పొట్లం కొనుక్కోవాల్సి వచ్చింది. అక్కడే నిలబడి తినేయాల, పది నిమిషాలు ఆగితే మెత్తబడిపోతాయి.

బుధవారం మధ్యాహ్నం రైలు. పొద్దున మాడుగుల హల్వా అరకేజీ కొన్నాం, గోధుమ పాలు తీసి నెయ్యి పోసి చేసేది, రైల్లో విజయవాడ దాటకముందే సగం అయిపోయింది. స్టేషన్‌కు బస్సులోనే పోయినాం. సంచులు మోసుకుని ఎక్కి, మా ఆయన తన ఒక్కనికి టిక్కెట్టు తీసుకుని, "వచ్చేటప్పుడు రెండొందలు" అని తనలో తనే అనుకున్నాడు. ఆ మాట నేను విననట్టే ఉన్నా.

ఇంటోళ్ళ గ్రూపులో ఆ ఫొటో ఇంకా ఉంది, కింద "ఫ్రెష్ తెల్ల చందువ, వైజాగ్" అని రాసి. దాని కింద మా మరిది "ఎంత పడిందన్నా?" అని అడిగినాడు. మేము వచ్చి పది రోజులైంది, ఈయన ఇంకా జవాబు పెట్టలేదు.