ఎల్లుండికి ఇంగ్లిష్‌లో ఏ మాట: ‘ఓవర్‌మారో’నా, ‘డే ఆఫ్టర్ టుమారో’నా?

మనం ‘ఎల్లుండి’ అని ఒక్క మాటలో తేల్చేస్తాం. ఇంగ్లిష్‌వాళ్లు మాత్రం ‘ద డే ఆఫ్టర్ టుమారో’ అని నాలుగు మాటలు వాడాలి. ఒకప్పుడు వాళ్లకూ ఒక్క మాటే ఉండేది: ‘ఓవర్‌మారో’. 1535లో అచ్చయిన, కవర్‌డేల్ అనే ఆయన అనువదించిన ఇంగ్లిష్ బైబిల్లో అది కనిపిస్తుంది. ‘మారో’ అంటే పూర్వం ఉదయం, మర్నాడు. ‘ఓవర్’ అంటే దాటి. రేపటిని దాటినది ఎల్లుండి! జర్మన్‌లో ఇదే పోలికతో ఉన్న ‘యూబర్‌మోర్గెన్’ ఇప్పటికీ రోజువారీ మాట. ఇంగ్లిష్‌లో మాత్రం అది వాడుక నుంచి జారిపోయింది.

పొట్టితనంలో, అందంలో నా ఓటు ఓవర్‌మారోకే. కానీ ఆఫీసు మెయిల్లో ‘మీటింగ్ ఓవర్‌మారో’ అని రాసి చూడండి. సగంమంది ‘టుమారో’ని తప్పు టైప్ చేశారనుకుని రేపే వచ్చి కూర్చుంటారు. మిగతావాళ్లు డిక్షనరీ వెతుకుతారు. ఇంటర్వ్యూ, రైలు టికెట్, డాక్టర్ అపాయింట్‌మెంట్ లాంటివైతే టెన్షన్ ఎందుకు? పొడుగైనా ‘డే ఆఫ్టర్ టుమారో’నే రాయండి, పక్కన తేదీ కూడా వేయండి.

పదాల పిచ్చి ఉన్న స్నేహితుల మధ్య, పాతకాలం కథ రాసేటప్పుడు ఓవర్‌మారో ముచ్చటగా ఉంటుంది. అన్నట్టు, మొన్నకు కూడా ఇంగ్లిష్‌లో ‘ఎర్‌యెస్టర్‌డే’ అనే పాత మాట ఉంది. పలకడానికే నాలుక మడతపడుతుంది, దాని జోలికి నేను పోను.