తోటలో లోహపు జాలీ: ఎంఎస్, జీఐ, అల్యూమినియం, కోర్టెన్, స్టెయిన్‌లెస్... ఏది మేలు?

కాంపౌండ్ వాల్ మీదో, డాబా మీద కుండీల పక్కనో లేజర్‌తో డిజైన్ కోసిన లోహపు తెర, అంటే లేజర్ కటింగ్ జాలీ, పెట్టించుకోవడం హైదరాబాద్‌లో ఇప్పుడు మామూలైపోయింది. డిజైన్ కోసం రోజుల తరబడి ఫోన్‌లో వెతికేవాళ్లు కూడా, అది ఏ లోహంతో చేయించాలన్నది మాత్రం ఫ్యాబ్రికేటర్‌కే వదిలేస్తారు. ఆయన దగ్గరున్న ఎంఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఇనుము) షీటును కోసి, రెడాక్సైడ్ ప్రైమర్ ఒక కోటు కొట్టి, పైన నల్ల రంగు వేసి తెచ్చి బిగిస్తాడు. ఆ రోజు చాలా బాగుంటుంది. ఒకటి రెండు వానాకాలాలు గడిచాక మాత్రం పువ్వుల అంచుల నుంచి ఎర్రటి చారలు గోడ మీదికి దిగడం మొదలవుతుంది.

నా మాట ముందే చెప్తాను. ఈ ఊళ్లో ఎక్కువ ఇళ్లకు సరిపోయేది 3 మిల్లీమీటర్ల అల్యూమినియం షీటు, దాని మీద ఎండకు ఆగే పాలియెస్టర్ పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో అంటించే పూత). కోర్టెన్, అంటే పైన పట్టే తుప్పే రక్షణ పొరగా మారే ఉక్కు, అందంలో దీనికంటే ఒక మెట్టు పైనే ఉంటుంది కానీ, దాన్ని పెట్టే చోటు సరైనదై ఉండాలి. డబ్బు తక్కువైతే జీఐ (జింకు పూసిన ఇనుము). ఉత్త ఎంఎస్ అయితే తోటలోకి వద్దనే అంటాను.

ఊరిని బట్టి ఈ సలహా మారుతుంది. విశాఖలో బీచ్ దగ్గర ఇల్లు అయితే గాలిలో ఉప్పు ఉంటుంది కాబట్టి లెక్క వేరు. మనకు సముద్రం లేదు, ఏడాదిలో ఎక్కువ నెలలు పొడిగానే ఉంటుంది. లోహానికి ఇది మంచి వాతావరణమే. అయినా తుప్పు ఎందుకు వస్తుందంటే, తోటలో జాలీ రోజూ తడుస్తుంది కాబట్టి. పొద్దున పైపుతో మొక్కలకు పట్టే నీళ్లు దాని మీదా పడతాయి. అవి బోరు నీళ్లయితే ఆరిన ప్రతిసారీ తెల్లటి ఉప్పు పొర మిగిలిపోతుంది. విరజాజో, మధుమాలతో అల్లుకుంటే ఆకుల వెనక తేమ మధ్యాహ్నం దాకా ఉంటుంది. దీనికి తోడు మేలో నలభై డిగ్రీలు దాటే ఎండ.

ఎంఎస్‌తో అసలు సమస్య షీటు మీద కాదు, అంచుల్లో ఉంది. మామూలు గేటుకు అంచులు తక్కువ. జాలీకి అన్నీ అంచులే. అదీగాక మన దగ్గర చాలామంది అడిగేది నిజాం కాలపు ‘పైగా’ వంశం వాళ్ల సమాధుల దగ్గర సున్నపు పనిలో కనిపించే సన్నటి రేఖాగణిత జాలీల్లాంటి డిజైన్. గీత ఎంత సన్నగా, డిజైన్ ఎంత చిక్కగా ఉంటే కోసిన అంచు అంత పొడవు పెరుగుతుంది. రంగు ఏదైనా సరే పదునైన అంచు మీద పల్చబడుతుంది. తుప్పు అక్కడే మొదలై రంగు కిందుగా పాకుతుంది.

ఇంకొకటి చాలామందికి తెలియదు. ఎంఎస్‌ను లేజర్‌తో కోసేటప్పుడు ఎక్కువగా ఆక్సిజన్ వాడతారు. దాంతో కోసిన అంచుల మీద సన్నటి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. పౌడర్ కోటింగ్ ఆ పొరను పట్టుకుంటుంది గానీ, ఆ పొరే ఇనుమును గట్టిగా పట్టుకోదు. కొన్నాళ్లకు అంచుల్లో పెచ్చులుగా లేస్తుంది. కోటింగ్ వేసినవాళ్లదే తప్పని గొడవ పడతాం. నైట్రోజన్‌తో కోయిస్తే ఈ పొర రాదు, ఖర్చు కొంచెం ఎక్కువవుతుంది. కుదరకపోతే అంచులు రుద్దించి ఆ పొర తీయించాలి, పదును చంపాలి. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు కటింగ్ చేయించేవాళ్లు ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఈ మాట అడగాలి. ఒకసారి కోసేశాక అడిగి లాభం లేదు.

జీఐ షీటు అంటే ఇనుము మీద జింకు పూత. బజార్లో మామూలుగా దొరికే 120 జీఎస్ఎం షీటు మీద రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 120 గ్రాముల జింకు ఉంటుంది. అంటే ఒక్కో వైపు ఎనిమిది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పైచిలుకు. కోసిన అంచు దగ్గర జింకు ఉండదు కానీ, పక్కనున్న జింకు తాను కరుగుతూ ఇనుమును కొంత దూరం కాపాడుతుంది. ఎంఎస్‌కు లేని ఆసరా అది. కోశాక హాట్ డిప్ చేయిస్తే, అంటే కరిగిన జింకులో ముంచి తీయిస్తే, ఇంకా మేలు, అంచులు కూడా జింకులో మునుగుతాయి, పూత కూడా చాలా రెట్లు మందంగా వస్తుంది. అయితే కరిగిన జింకు దాదాపు 450 డిగ్రీల వేడి మీద ఉంటుంది. 2 మిల్లీమీటర్ల పల్చటి జాలీ అందులో ముంచితే వంకర పోతుంది. కాబట్టి హాట్ డిప్‌ను ఫ్రేముకు, స్తంభాలకు ఉంచుకుని, జాలీకి జీఐ షీటు, దాని మీద జింక్ ప్రైమర్, ఆపైన పౌడర్ కోటింగ్ చేయించడం నయం.

ఇక అల్యూమినియం. ఇది ఎర్రగా తుప్పు పట్టదు. గీత పడినా, అంచులో పూత లేచినా గోడ మీద ఎర్ర చార దిగదు. నేను దీనివైపు మొగ్గడానికి మొదటి కారణం ఇదే. రెండోది బరువు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ప్యానెల్ 14 గేజ్ ఎంఎస్‌లో, అంటే సుమారు 2 మిల్లీమీటర్ల మందంలో, కన్నాలు కోయకముందు 26 కిలోలు తూగుతుంది. అదే సైజు 3 మిల్లీమీటర్ల అల్యూమినియంలో 13, 14 కిలోలే. డాబా పిట్టగోడకు యాంకర్ బోల్టులతో బిగించేటప్పుడు ఈ తేడా చిన్నది కాదు. కిలో ధర చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. నిజమే, కిలోకు ఇనుము కంటే నాలుగైదు రెట్లు ఉంటుంది. కానీ మనం కొనేది ప్యానెల్, కిలోలు కాదు. బరువు సగమే కాబట్టి ప్యానెల్ లెక్కన తేడా బాగా తగ్గుతుంది. రెండు మూడేళ్లకోసారి ఎంఎస్‌ను గీకి రంగు వేయించే కూలీ కూడా కలిపితే అల్యూమినియమే చౌక.

దీనికీ బలహీనతలు ఉన్నాయి. మెత్తన. గల్లీలో పిల్లలు క్రికెట్ ఆడే వీధి వైపు గోడకైతే సొట్టలు పడతాయి, అక్కడ జీఐ బెటర్. వేడికి ఇనుము కంటే రెట్టింపు సాగుతుంది. జనవరి తెల్లవారుజాము చలికి, మే మధ్యాహ్నం ముదురు రంగు ప్యానెల్ ఎక్కే వేడికి యాభై డిగ్రీల తేడా సులువుగా ఉంటుంది, ఆ తేడాకు రెండు మీటర్ల షీటు రెండు మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. బోల్టు కన్నాలు గుండ్రంగా కాకుండా కోలగా కోయించకపోతే షీటు ఉబ్బి అలలు తేలుతుంది. పచ్చి సిమెంటు, సున్నం పడితే మచ్చలు పడి తినేస్తాయి. ఇనుప ఫ్రేముకు నేరుగా తగిలిస్తే తడిలో ఆ తగిలిన చోటే పాడవుతుంది. మధ్యలో నైలాన్ వాషర్లు, స్టెయిన్‌లెస్ బోల్టులు వాడాలి.

పౌడర్ కోటింగ్ దగ్గర ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: ఇది ఇంటి లోపలికి వాడే పౌడరా, బయటికి వాడేదా? లోపలి పౌడర్‌లో ఎపాక్సీ ఉంటుంది. ఎండ తగిలితే అది వెలిసిపోయి, చేత్తో రాస్తే సుద్దలా రాలుతుంది. బయటికి పాలియెస్టర్ పౌడరే కావాలి, మందం 60 నుంచి 80 మైక్రాన్లు ఉండాలి. షేడ్ కార్డులో రెండూ ఒకేలా మెరుస్తాయి కాబట్టి చూసి పోల్చుకోలేరు. పడమటి గోడకు నలుపు వద్దు, వేడెక్కి పక్కనున్న లేత తీగల ఆకులు మాడతాయి.

కోర్టెన్ గురించి మాట్లాడేటప్పుడు నాకు కొంచెం పక్షపాతం వస్తుంది. ఆ ఇటుక రంగు, దాని మీద వాన పడ్డప్పుడు వచ్చే ముదురుదనం, ముందు నిలబడ్డ పచ్చటి ఆకు, ఏ పెయింటూ ఆ రూపం ఇవ్వలేదు. అమెరికాలో యూఎస్ స్టీల్ 1933లో ఈ ఉక్కును తెచ్చింది. రాగి, క్రోమియం, భాస్వరం లాంటివి కొద్దికొద్దిగా కలపడం వల్ల దీనికి పట్టే తుప్పు పెచ్చులుగా రాలకుండా గట్టిగా అతుక్కుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. మన దేశంలో ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ కూడా సెయిల్‌కార్ పేరుతో ఇలాంటి ఉక్కు చేస్తుంది. రైల్వే వ్యాగన్లకూ ఈ రకం ఉక్కే వాడారు.

కానీ ఆ పొర ఏర్పడాలంటే తడవాలి, మళ్లీ పూర్తిగా ఆరాలి. వాన కురిసి ఎండ కాసే హైదరాబాద్ దానికి బాగానే సరిపోతుంది. అడుగు భాగం మట్టిలో పాతినా, వెనక ఎండుటాకులు పేరుకున్నా, తీగ దట్టంగా కప్పేసినా అక్కడ ఆరదు, మామూలు ఇనుములాగే తినేస్తుంది. మొదటి వానాకాలంలో దాని నుంచి కారే ఎర్ర నీళ్లు ఇంకో సమస్య. కింద తాండూరు రాళ్లో, లేత రంగు గ్రానైటో పరిచి ఉంటే ఆ మరక పోదు. కాబట్టి గోడకు ఆనించకుండా, గులకరాళ్లు పోసిన చోట, విడిగా నిలబెట్టగలిగితేనే కోర్టెన్ తీసుకోండి. అపార్ట్‌మెంట్ బాల్కనీకి అసలు వద్దు, కింది ఫ్లాటువాళ్లతో పేచీ వస్తుంది. ‘కోర్టెన్ ఫినిష్’ అని అమ్మేది కోర్టెన్ కాదు, ఎంఎస్ మీద వేసిన రంగో, మందు కొట్టి తెప్పించిన తుప్పో అయి ఉండొచ్చు. షీటుకు మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ (ఉక్కులో ఏమేం కలిశాయో తయారీదారు ఇచ్చే పత్రం) అడగండి.

స్టెయిన్‌లెస్ మన్నికలో మేటి, తోటలో నాకు నచ్చదు. ఎండలో కళ్లు జిగేల్మంటాయి, బోరు నీళ్ల మరకలు దాని మీద కనిపించినంతగా మరి దేని మీదా కనిపించవు. నీళ్ల తొట్టి, ఫౌంటెన్ పక్కన రోజంతా తడిసే చోటుకు మాత్రం అదే సరైనది, మ్యాట్ ఫినిష్‌లో. అది 304 గ్రేడు అయి ఉండాలి. నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచిన 202 గ్రేడును 304 అని అంటగట్టడం మామూలే. అయస్కాంతంతో తేడా తెలియదు, రెండూ దాదాపు అతుక్కోవు. చుక్క వేసి చూసే టెస్టింగ్ లిక్విడ్ ఉంటుంది, 202 మీద ఎర్రబడుతుంది. ఇత్తడి, రాగి వరండాలో చిన్న ముక్కగా బాగుంటాయి, ఆరుబయట పెద్ద ప్యానెల్‌కు ఖర్చు తట్టుకోలేం.

ఏ లోహం తీసుకున్నా బిగించే తీరు సగం ఆయుష్షును నిర్ణయిస్తుంది. గోడకూ జాలీకీ మధ్య కనీసం అంగుళం, నేలకూ అడుగు అంచుకూ మధ్య రెండు మూడు అంగుళాల ఖాళీ ఉండాలి. ఫ్రేముకు బాక్స్ పైపు వాడితే పై చివరలు మూయించి, అడుగున నీళ్లు పోయే కన్నం పెట్టించండి. లేకపోతే లోపల నిలిచిన నీళ్లకు పైపు లోపలి నుంచే తుప్పు పడుతుంది, బయటికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. కొత్త ఇల్లయితే ఇంకో జాగ్రత్త: పని చివర్లో టైల్స్ మీద సిమెంటు మరకలకు యాసిడ్ పోసి కడుగుతారు. ఆ ఆవిరి జింకునూ, అల్యూమినియాన్నీ, 304 స్టెయిన్‌లెస్‌నూ కూడా పాడుచేస్తుంది. ఆ కడుగుడు అయిపోయి, నేలంతా మంచినీళ్లతో కడిగాకే ప్యానెళ్లు తెచ్చి బిగించమని మేస్త్రీకి చెప్పండి.