వర్ణన పదాలు నేర్చుకోవడానికి లాంగ్‌మన్ ఆన్‌లైన్ డిక్షనరీ, ఆంకీ: ఏది ఎంతవరకు పనికొస్తుంది

ఇంగ్లిష్‌లో పని నడిచేంత భాష వచ్చాక చాలామంది ఒకచోట ఆగిపోతారు, తెలిసిన ఒక్క మాటతోనే అన్నిటికీ సరిపెట్టేస్తారు. వాన వెలిసిన రోజు గోడకి పట్టిన చెమ్మా వెట్టే, తడిసి ముద్దయిన చొక్కా వెట్టే, పాలలో నాని మెత్తబడ్డ బిస్కెట్టూ వెట్టే. ఇంగ్లిష్‌లో ఈ మూడిటికీ డ్యాంప్, డ్రెంచ్డ్, సాగీ అని వేరువేరు మాటలున్నాయి. అవేవీ పండితుల మాటలు కావు, ఇంట్లో పిల్లలు కూడా వాడేవే. ఈ కొరత తీరడానికి లాంగ్‌మన్ వాళ్ళ ఆన్‌లైన్ డిక్షనరీ, ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల ప్రోగ్రామ్ కలిపి వాడితే చాలావరకు సరిపోతుంది. కానీ రెండూ కలిపే వాడాలి. డిక్షనరీ సరైన పదాన్ని చూపిస్తుంది గానీ గుర్తుంచదు. ఆంకీ గుర్తుంచుతుంది గానీ, తప్పు పదం ఎక్కిస్తే ఆ తప్పునే నూరిపోస్తుంది.

లాంగ్‌మన్ డిక్షనరీ మొదటిసారి 1978లో వచ్చింది. ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ళ కోసమే తయారైనది కాబట్టి, అర్థాలన్నీ దాదాపు 2000 తేలికైన మాటల పరిధిలోనే రాస్తారు. ట్రజ్ అనే క్రియ చూడండి. అలసట వల్లనో, నేల నడవడానికి అనువుగా లేకనో బరువుగా, నెమ్మదిగా అడుగులు వేస్తూ నడవడం అని విడమరిచి చెబుతుంది. ఆ "వల్లనో, లేకనో" అన్న కారణమే ఇక్కడ ముఖ్యం. అది తెలియనివాళ్ళు పార్కులో షికారుకి కూడా ట్రజ్ అని రాసేస్తారు. దానికి స్ట్రోల్ అనాలి.

ఈ డిక్షనరీలో అసలు విలువ థెసారస్ అనే పెట్టెల్లో ఉంది. మామూలు పర్యాయపద సైట్లు థిన్ అని కొడితే ఓ ఇరవై పదాలు గుమ్మరించి ఊరుకుంటాయి. లాంగ్‌మన్ ఒక్కో పదానికీ తేడా చెబుతుంది. స్లిమ్ అంటే చూడ్డానికి బాగుండే సన్నదనం. స్లెండర్‌లో దానికి నాజూకు కూడా తోడవుతుంది, ఎక్కువగా రాతలో కనిపిస్తుంది. స్కిన్నీ అంటే బక్కగా, అంత బాగా లేకుండా. స్క్రానీ అంటే బక్కచిక్కి బలం లేనట్టు కనిపించడం. మెచ్చుకుంటూ రాసే వాక్యంలో స్క్రానీ పడిందంటే అవతలివాళ్ళు నొచ్చుకుంటారు. పదం పక్కనే ఇన్‌ఫార్మల్, లిటరరీ, రిటెన్ అని చిన్న గుర్తులుంటాయి, వాటిని దాటెయ్యకండి. లిటరరీ అని ఉన్న మాటని ఆఫీసు మెయిల్లో పెడితే వినడానికి చాలా ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఏ మాట ఏ మాటతో జతగా వస్తుందో చూపించే కొలొకేషన్స్ పెట్టె కూడా అంతే అవసరం. వానకి హెవీ, గాలికి స్ట్రాంగ్, పొగమంచుకి థిక్. ఇలా ఎందుకు అంటే కారణమేమీ లేదు, వాడుక అంతే. విశేషణం ఒక్కటే నేర్చుకుంటే సగమే వచ్చినట్టు. ఏ నామవాచకంతో జత కడుతుందో కూడా పట్టుకోవాలి.

లోపాలు లేకపోలేదు. కొన్ని పదాల పక్కన ఎస్1, డబ్ల్యూ3 లాంటి ఎర్ర గుర్తులుంటాయి. మాటలోనో రాతలోనో ఎక్కువగా వాడే మొదటి వెయ్యిలో ఉన్న పదమా, రెండో వెయ్యా, మూడో వెయ్యా అన్నది వాటి అర్థం. ఆ గుర్తు లేని పదాలు అనవసరమని చాలామంది వదిలేస్తారు. వర్ణన పదాల విషయంలో ఆ పద్ధతి పనికిరాదు. ట్రజ్, సాగీ, ఫ్లిమ్జీ లాంటివి మొదటి 3000లో ఉండవు. అయినా అవసరమైన చోట వాటికి బదులు మరో మాట నిలవదు. ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ సైట్‌లో ఉండే 3000, 5000 ముఖ్య పదాల జాబితాలకీ ఇదే మాట వర్తిస్తుంది. పునాదికి అవి చాలా మంచివి, వర్ణనకి చాలవు. ఇంకొకటి, పేజీ అడుగున కార్పస్ నుంచి, అంటే నిజమైన రాతల, మాటల పెద్ద సేకరణ నుంచి తెచ్చిన ఉదాహరణలు ముందూ వెనకా లేకుండా తెగిపడ్డట్టుంటాయి. కార్డులోకి ఎక్కించడానికి పైన, అర్థం కిందనే ఇచ్చిన వాక్యాలే నయం. ప్రకటనలు కూడా విసిగిస్తాయి.

ఇక్కడే అందరూ చేసే పొరపాటు ఒకటుంది. థెసారస్ పెట్టె కనబడగానే అందులో ఉన్న పది పదాలనీ ఒకే రోజు బట్టీ పట్టేస్తారు. దగ్గరి అర్థాలున్న కొత్త పదాలు ఒకేసారి తలకెక్కిస్తే ఒకదానితో ఒకటి కలగాపులగమైపోతాయి. వెలుగు పదాల్లో ఈ చిక్కు మరీ ఎక్కువ. గ్లో, గ్లీమ్, గ్లిటర్, గ్లిమర్ అన్నీ ఒకే శబ్దంతో మొదలవుతాయి. వారం తిరిగేసరికి ఏది ఏదో తేలదు. ముందు గ్లో ఒక్కటే తీసుకోండి: మంట లేకుండా, నిలకడగా, మెత్తగా ఉండే వెలుగు. అది తడుముకోకుండా వస్తున్నప్పుడు, రెండు మూడు వారాల తర్వాత గ్లీమ్ చేర్చండి: తుడిచి మెరుగుపెట్టిన వస్తువు మీద పడి తళుక్కుమనేది. ఈ మధ్యలో నడకకో, వాసనకో, గుడ్డ స్పర్శకో సంబంధించిన పదాలు నేర్చుకోవచ్చు.

ఇక ఆంకీ. 2006 నుంచి ఉంది. కంప్యూటర్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఉచితం, ఐఫోన్ యాప్ మాత్రం కొనుక్కోవాలి. పెట్టగానే రోజుకి 20 కొత్త కార్డులు అని ఉంటుంది. వర్ణన పదాలకి అది ఎక్కువ, 5కి తగ్గించండి. అయిదైనా నెలకి 150 పదాలు. ఇరవై ఉంచితే మూడో వారానికల్లా పాత కార్డుల సమీక్షలు గుట్టలా పేరుకుని, మొత్తానికే మానేసే పరిస్థితి వస్తుంది. ఏ కార్డు మళ్ళీ ఎప్పుడు చూపించాలో లెక్కగట్టే, 2023లో చేరిన ఎఫ్ఎస్ఆర్ఎస్ అనే షెడ్యూలర్‌ని సెట్టింగుల్లో ఆన్ చేసుకోండి, 90 శాతం గుర్తుండాలన్న లక్ష్యాన్ని అలాగే ఉంచెయ్యండి.

కార్డుకి క్లోజ్ రకం ఎంచుకోండి, అంటే వాక్యంలో ఖాళీ. దీంట్లో సాధారణంగా జరిగే తప్పు వాక్యం మరీ బోడిగా ఉండటం. "షీ ____ అక్రాస్ ద రూమ్" అని పెడితే నడకకి సంబంధించిన ప్రతి క్రియా అందులో పడుతుంది. మీరు సరైనదే అనుకున్నా కార్డు కాదంటుంది. వాక్యంలోనే కారణం ఉండాలి: మోకాలి లోతు మంచు, పొద్దుటి నుంచి నడక, అప్పుడు ట్రజ్ ఒక్కటే కుదురుతుంది. అయినా అనుమానం మిగిలితే, సమాధానం తర్వాత రెండు కోలన్లు పెట్టి ఒక సూచన రాయండి. అది ఖాళీ ఉన్నచోటే కనిపిస్తుంది.

ఆ సూచన తెలుగులో రాస్తే చాలా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే శబ్దాలనీ కదలికలనీ చెప్పే జంటమాటలు మనకి కొల్లలుగా ఉన్నాయి. దీపం రెపరెపలాడటానికి ఫ్లికర్, తలుపు కిర్రుమనడానికి క్రీక్. అయితే జంటమాట ఒక్కటే రాసి వదలకండి. గలగల అంటే ఎండుటాకులదైతే రసిల్, తాళంచెవుల గుత్తిదైతే జింగిల్, సెలయేటిదైతే గర్గిల్. దేని గలగలో కూడా రాస్తేనే సూచన పనికొస్తుంది.

ఒక కార్డుకి ఎనిమిదిసార్లు తప్పు చెబితే ఆంకీ దానికి లీచ్ అని ముద్ర వేస్తుంది, సెట్టింగుని బట్టి పక్కన కూడా పెడుతుంది. దాన్ని మళ్ళీ యథాతథంగా తేవద్దు. అలాంటి కార్డుల్లో చాలావాటికి జబ్బు వాక్యంలోనే ఉంటుంది, లేదా దగ్గరి అర్థమున్న మరో కార్డు అడ్డుపడుతూ ఉంటుంది. వాక్యం మార్చండి, లేదా రెండిట్లో ఒకదాన్ని నెల రోజులు ఆపెయ్యండి.

ఈ జంట ఇవ్వలేనిది రాత సాధన. రోజూ ఎదురుగా ఉన్న వస్తువు ఏదో ఒకటి తీసుకుని అయిదు వాక్యాలు రాసి, కొత్త పదం ఒకే ఒక్కసారి వాడి, డిక్షనరీలోని ఉదాహరణతో పోల్చి చూసుకోవాలి. రెండో కొత్త పదం అదే పేరాలోకి దూర్చాలని మాత్రం చూడకండి. వాక్యానికో వింత క్రియ ఉంటే చదివేవాళ్ళ చూపు వస్తువు మీద నిలవదు. సెడ్ అన్న మాటని ప్రతిచోటా ఎక్స్‌క్లెయిమ్డ్‌గా, మర్మర్డ్‌గా మార్చేసిన సంభాషణ చదివితే ఆ సంగతి ఇట్టే తెలిసిపోతుంది.