వెస్ట్ బ్యాంక్‌పై ఓచా నివేదికలు: లెక్కలో పక్కా, కానీ కొలత చిన్నది

పాలస్తీనా వార్తలను క్రమం తప్పకుండా గమనించేవారికి ఉచితంగా అందే సమాచార సేవల్లో, ఐక్యరాజ్య సమితి మానవతా వ్యవహారాల సమన్వయ కార్యాలయం, అంటే ఓచా, ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతమైన వెస్ట్ బ్యాంక్‌పై వెలువరించే పరిస్థితి నివేదికలే అన్నిటికన్నా నమ్మదగినవని నా అభిప్రాయం. అక్కడ స్థిరపడ్డ ఇజ్రాయెలీలు, అంటే సెటిలర్లు, పాలస్తీనా పల్లెలపై చేసే దాడులను ఏ దేశం ఖండించిందో పత్రికలు చెబుతాయి. ఖండించాక ఆ పల్లెల్లో ఏమైనా మారిందా అన్నది తేల్చుకోవాలంటే వీటినే తెరవాలి.

దాడి జరిగిందని చెప్పి ఊరుకోకుండా, ఏ గ్రామం దగ్గర, ఎంతమందికి గాయాలయ్యాయి, ఎన్ని ఆలివ్ చెట్లు నరికారు, గొర్రెలను తోలుకుపోయారా, నీటి ట్యాంకు పగలగొట్టారా అన్నంత వివరంగా ఇందులో రాస్తారు. 2025 అక్టోబరులో, ఆలివ్ కోతల వేళ, సెటిలర్ల దాడులు 260 దాటాయని, 2006లో లెక్క మొదలుపెట్టాక ఒకే నెలలో ఇన్ని ఎన్నడూ జరగలేదని తెలిపింది ఈ నివేదికలే.

ఆ సంఖ్యను పక్కన పెట్టుకుని దౌత్య పత్రాలను చదవడమే ఈ సేవకు అసలైన ఉపయోగం. సెటిలర్ల నివాస స్థావరాలకు చట్టబద్ధత లేదన్న 2334వ తీర్మానాన్ని భద్రతా మండలి 2016 డిసెంబరులో 14 ఓట్లతో ఆమోదించింది. అమెరికా ఓటింగుకు దూరంగా ఉంది. దాడులకు పాల్పడే సెటిలర్లపై 2024 ఫిబ్రవరిలో బైడెన్ తెచ్చిన ఆంక్షల ఉత్తర్వును ట్రంప్ 2025 జనవరిలో పదవి చేపట్టిన రోజే రద్దు చేశారు. అదే ఏడాది జూన్‌లో బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, నార్వే కలిసి బెన్ గ్విర్, స్మోట్రిచ్ అనే ఇద్దరు ఇజ్రాయెల్ మంత్రులపై ఆంక్షలు విధించగా, ఆగస్టులో జెరూసలేం తూర్పున ఈ1 ప్రాంతంలో సెటిలర్ల కోసం సుమారు 3,400 ఇళ్లకు ఇజ్రాయెల్ తుది అనుమతి లభించింది. ఇరవైకి పైగా దేశాలు వెంటనే ఉమ్మడి ప్రకటనతో దాన్ని ఖండించాయి. అక్టోబరు లెక్క ఆ తర్వాత వచ్చిందే! ప్రకటనల వల్లే దాడులు పెరిగాయని ఎవరూ అనరు గాని, అవి దాడులను ఆపలేదని మాత్రం ఈ పట్టికలు చూసిన ఎవరికైనా అర్థమవుతుంది.

లోపం లేకపోలేదు. మనుషులకు హాని గాని, ఆస్తికి నష్టం గాని జరిగిన ఘటనలనే ఓచా దాడుల సంఖ్యలో చేరుస్తుంది. చెయ్యి చేసుకోకుండా, తుపాకి చూపించి గొర్రెల కాపరిని మేత భూమి నుంచి వెళ్లగొడితే అది ఆ సంఖ్యలోకి ఎక్కదు. కుటుంబాలు ఊరు వదిలి వెళ్లడానికి తరచూ కారణమయ్యేది అలాంటి రోజువారీ బెదిరింపులే. కాబట్టి 260ని కనీస సంఖ్యగానే తీసుకోవాలి. పైగా, ఏ దౌత్య చర్య ఎప్పుడు వచ్చిందో ఈ పట్టికల పక్కన ఉండదు, ఆ తేదీలను మనమే వెతికి పెట్టుకోవాలి.

దాడులపై పెట్టిన కేసులు ఏమయ్యాయో ఇందులో దొరకడం కష్టం. దానికి ఇజ్రాయెల్ సంస్థ యెష్ దిన్ గణాంకాలు చూడాలి. స్థావరాల్లో కొత్త ఇళ్ల అనుమతుల వివరాలకైతే మరో ఇజ్రాయెల్ సంస్థ పీస్ నౌ మేలు. ఈ మూడింటినీ కలిపి చదివే ఓపిక లేనివారు ఓచా నివేదికతోనే మొదలుపెట్టవచ్చు.